ఫారిన్‌లో రెంటల్ కారు: ఎక్కడ మనం నడపొచ్చు, ఎక్కడ డ్రైవర్‌ని పెట్టుకోవాలి, వైజాగ్ వాళ్ళ కోసం

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఒకటే ప్రశ్న, "అన్నా, అక్కడ కారు తీసుకుని మనమే నడుపుకోవచ్చా, లేక టాక్సీలే మంచిదా?" అని. రోజూ మద్దిలపాలెం, హనుమంతవాక దాటి వెళ్ళేవాళ్ళకి "ఇక్కడ నడిపినోణ్ణి ఎక్కడైనా నడుపుతా" అన్న ధైర్యం ఉంటుంది, నాకూ ఉండేది. అందులో సగం నిజమే, బ్రేక్ మీద కాలు, అద్దాల మీద కన్ను మనకి బాగానే అలవాటు. మిగతా సగం నాకు టెక్సాస్‌లో తెలిసొచ్చింది.

మా తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు కారు రెంట్‌కి తీసుకున్నా. మొదటి రెండు రోజులు ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కుడి పక్క నడిపా, ఏమీ కాలేదు. మూడో రోజు పొద్దున్న ఆరింటికి పెట్రోల్ బంకులో ఆయిల్ కొట్టించుకుని బయటికొచ్చా, రోడ్డు మీద ఒక్క బండి లేదు, చెయ్యి దానంతట అదే ఎడమ పక్కకి తిప్పేసింది. నాకు తేడా కూడా తెలీలేదు. మా ఆవిడ "ఏవండీ, ఎదురుగా లైట్లు" అని అరిస్తే చూశా, పెద్ద పికప్ ట్రక్కు నేరుగా మా మీదకే వస్తోంది. పక్కనున్న గడ్డిలోకి దించేశా కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నా, భయపడాల్సింది ట్రాఫిక్ ఎక్కువున్న చోట కాదు, అక్కడ ముందు కారు వెనకాల పోతే చాలు. ఖాళీ రోడ్డు, పొద్దున్న పూట, బంకు నుంచో హోటల్ పార్కింగ్ నుంచో బయటికొచ్చే మలుపు, ధైర్యం వచ్చేసిన మూడో రోజు, ఇవి నాలుగూ కలిసిన చోటే పాత అలవాటు బయటికొస్తుంది.

అందుకే ఏ దేశం అని చూసే ముందు వేటిని బట్టి చూడాలో చెప్తా.

దేనిని బట్టి డిసైడ్ అవ్వాలి

మొదటిది, బండి ఏ పక్క నడుస్తుంది. శ్రీలంక, థాయిలాండ్, మలేషియా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అన్నీ మనలాగే ఎడమ పక్క. దుబాయ్, అమెరికా, యూరప్‌లో ఎక్కువ దేశాలు కుడి పక్క. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అన్నిటికన్నా పెద్ద లెక్క ఇదే.

రెండోది, పక్కవాళ్ళు మీ నుంచి ఏం ఆశిస్తారు. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ నా దృష్టిలో చాలా ముఖ్యం. మన దగ్గర ఎదుటివాడు తప్పు చేస్తాడని అందరూ ముందే రెడీగా ఉంటారు, రాంగ్ రూట్‌లో ఆటో వస్తే తిట్టుకుని పక్కకి జరుగుతాం. అక్కడ గంటకి 110లో వచ్చేవాడు మీరు మీ లేన్‌లోనే ఉంటారని నమ్మి వస్తాడు, ఇండికేటర్ వెయ్యకుండా జరిగితే తప్పించుకునే టైమ్ అతనికి ఉండదు. అంటే రూల్స్ బాగా పాటించే దేశం మనకి సేఫ్, కానీ మనం కూడా పాటిస్తేనే.

మూడోది కాగితాలు. లైసెన్స్ ఆ దేశంలో చెల్లకపోతే ఇన్సూరెన్స్ కూడా చెల్లదు, కారు చేతికి ఇచ్చారు కదా అని ఓకే అనుకోకూడదు. నాలుగోది, ఏదైనా అయితే ఎంత దూరం పోతుంది, ఫైన్‌తో అయిపోతుందా, పోలీస్ రిపోర్ట్ దాకానా, ఎదుటివాళ్ళ హాస్పిటల్ బిల్లు దాకానా. ఐదోది, మీ కారులో ఎవరెవరు కూర్చుంటున్నారు. ఇద్దరు కుర్రాళ్ళకి చెప్పే సలహా, అమ్మానాన్న, చంటిపిల్లతో వెళ్ళేవాళ్ళకి చెప్పే సలహా ఒకటి కాదు.

ఒక్క చూపులో కావాలంటే ఇదిగో:

| దేశం | ఏ పక్క | ముఖ్యంగా చూసుకోవాల్సింది | మొదటిసారి అయితే నా మాట |
|---|---|---|---|
| మలేషియా | ఎడమ | బైకులు, వాన, కొండ దిగుడు | నడపొచ్చు |
| న్యూజిలాండ్ | ఎడమ | అలసట, ఒకే లేన్ బ్రిడ్జిలు | నడపొచ్చు, ఒక రాత్రి పడుకున్నాకే |
| బ్రిటన్ | ఎడమ | రౌండబౌట్లు, సన్న పల్లె రోడ్లు | నడపొచ్చు, లండన్‌లో వద్దు |
| దుబాయ్, అబుదాబి | కుడి | స్పీడు, కెమెరాలు, పోలీస్ రిపోర్ట్ | రెండో ట్రిప్‌కి |
| అమెరికా | కుడి | లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ళ నష్టానికి), స్టాప్ బోర్డులు | పక్కన తెలిసినవాళ్ళు ఉంటే |
| థాయిలాండ్ | ఎడమ | బైకులు, హైవే మీద యూటర్న్‌లు | సిటీలో వద్దు |
| శ్రీలంక | ఎడమ | బస్సులు, లోకల్ పర్మిట్ | డ్రైవర్‌తో కారు |

మలేషియా

మొదటిసారి స్టీరింగ్ పట్టుకునేవాళ్ళకి నేను మొదట చెప్పే పేరు ఇదే. మన పక్కే నడపాలి, బోర్డుల మీద అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలే, ఉత్తర దక్షిణ ఎక్స్‌ప్రెస్‌వే మీద లిమిట్ 110, రోడ్డు కూడా సాఫీగా ఉంటుంది. టోల్ దగ్గర క్యాష్ నడవదు, టచ్ ఎన్ గో అనే కార్డు ఉంటుంది, కారుతో ఇస్తున్నారా, అందులో డబ్బులున్నాయా అని కౌంటర్‌లోనే అడగండి, లేకపోతే గేటు ముందు ఆగిపోయి వెనకాల లైన్ పెరిగి కంగారులో రివర్స్ కొట్టాలనిపిస్తుంది, అది మాత్రం చెయ్యకూడదు.

జాగ్రత్త ఎక్కడంటే, లేన్ల మధ్యలోంచి బైకులు బాగా స్పీడుగా దూసుకొస్తాయి, లేన్ మారే ముందు అద్దంతో పాటు మెడ తిప్పి కూడా చూడాలి. మధ్యాహ్నం వాన పడితే ముందున్న కారు కూడా కనపడదు. ఇంకొకటి గెంటింగ్ హైలాండ్స్ దిగుడు. పైకి ఎక్కడం ఈజీ, దిగేటప్పుడే ప్రాణం మీదకి వస్తుంది. అరకు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మన డ్రైవర్లు సెకండ్ గేర్‌లో దింపుతారు చూడండి, అదే సూత్రం, ఆటోమేటిక్ కారులో కూడా లో గేర్ ఉంటుంది, ఎల్ అనో, ఎమ్ అనో, టూ అనో రాసి ఉంటుంది, అది వేసుకుని దిగాలి. బ్రేక్ తొక్కిపట్టుకునే దిగితే వేడెక్కి పట్టు పోతుంది. వాసన వచ్చిందంటే సేఫ్‌గా ఉన్న చోట పక్కకి ఆపి చల్లారనివ్వండి.

న్యూజిలాండ్, ఆస్ట్రేలియా

మన లైసెన్స్ ఇంగ్లీషులో ఉంటే అదే చెల్లుతుంది, రోడ్డు ఎడమ పక్క, ట్రాఫిక్ తక్కువ. ఇన్ని ప్లస్‌లు ఉన్నా టూరిస్టులు దెబ్బ తినేది రెండు విషయాల్లో. ఒకటి నిద్ర. ఇక్కడి నుంచి ఫ్లైట్లు మారుకుంటూ ఒక రోజు దాకా ప్రయాణం చేసి దిగి, ఎయిర్‌పోర్ట్‌లోనే కారు తీసుకుని రెండు వందల కిలోమీటర్లు పోదాం అనుకోవద్దు, మా బావ వాళ్ళు అదే చేస్తే కళ్ళు తెరిచే నిద్రపోయాడంట. మొదటి రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గరే రూమ్ తీసుకుని పొద్దున్న కారు తీసుకోండి, ఆ రూమ్ డబ్బులు వేస్ట్ కాదు.

రెండోది, న్యూజిలాండ్‌లో బోర్డు మీద 100 ఉందంటే 100లో పోవాలని కాదు, అది పైలిమిట్ మాత్రమే, కొండల్లో మలుపు దగ్గర పసుపు బోర్డు మీద 35 అనో 45 అనో రాసి ఉంటుంది, దాన్ని నమ్మండి. ఒకే లేన్ బ్రిడ్జిల దగ్గర ఎవరు ఆగాలో బాణం గుర్తులతో ఉంటుంది, చిన్న ఎర్ర బాణం మీ వైపుదైతే ఆగాల్సింది మీరే. మన దగ్గర లైట్ కొట్టి ముందు దూరినోడిదే బ్రిడ్జి, ఆ అలవాటు అక్కడ చాలా డేంజర్. ఆస్ట్రేలియాలో అయితే సూర్యుడు వచ్చేటప్పుడు, దిగిపోయేటప్పుడు కంగారూలు రోడ్డు మీదకి వస్తాయి, ఊళ్ళు దాటి చీకట్లో నడపొద్దు, కొన్ని మారుమూల చోట్ల రెంటల్ అగ్రిమెంట్‌లోనే రాత్రి నడపకూడదు అని ఉంటుంది.

బ్రిటన్

మన లైసెన్స్‌తో 12 నెలల దాకా నడపొచ్చు. కుడి పక్క స్టీరింగే, కానీ ఇండికేటర్ కాడ ఎడమ పక్కన ఉంటుంది, మన మారుతి, హ్యుందాయ్ అలవాటుతో ఇండికేటర్ వేద్దామంటే వైపర్లు తిరుగుతాయి, మొదటి గంట అంతా ఇదే. బోర్డుల మీద మైళ్ళు, మోటార్‌వే 70 అంటే మన లెక్కలో 112. రౌండబౌట్‌లో కుడి నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇవ్వాలి, మన దగ్గర పుస్తకంలో రూల్ అదే కానీ సిరిపురం సర్కిల్ దగ్గర ఎవరు చూస్తారు, ముందు ముక్కు పెట్టినోళ్ళదే దారి. అక్కడ ఆగి, ఖాళీ వచ్చాకే దూరాలి. ఎదుటి కారు లైట్ ఫ్లాష్ చేస్తే చాలాసార్లు "మీరు వెళ్ళండి" అని అర్థం, మన దగ్గర "నేనొస్తున్నా, ఆగు" అని కదా, పూర్తిగా ఉల్టా. అయినా లైట్ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఆ కారు నిజంగా ఆగిందో లేదో చూసుకుని కదలండి. లండన్‌లో కారు అవసరం లేదు, కంజెషన్ చార్జ్ (సిటీ మధ్యలోకి కారు తెస్తే కట్టే రుసుము), పార్కింగ్ కలిపి జేబు ఖాళీ, ట్రైన్‌లో బయటికొచ్చి స్కాట్లాండ్‌లోనో వేల్స్‌లోనో తీసుకోండి.

దుబాయ్, అబుదాబి

మన ఉత్తరాంధ్ర నుంచి అక్కడ పని చేసేవాళ్ళు చాలామంది కాబట్టి "మా పెదనాన్న కొడుకు అక్కడే కదా, వాడి కారు నడుపుతా" అంటారు. వద్దు. విజిట్ వీసా మీద వెళ్ళినవాళ్ళు రెంటల్ కారు, చేతిలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ (ఎలా తీసుకోవాలో చివర్లో చెప్తా), అంతే, వేరేవాళ్ళ కారుకి ఇన్సూరెన్స్ మీ పేరు మీద వర్తిస్తుందో లేదో తేలేసరికి ఆలస్యం అయిపోతుంది.

రోడ్లు చూస్తే కాలు దానంతట అదే యాక్సిలరేటర్ మీద పడుతుంది. దుబాయ్‌లో బోర్డు మీద 120 ఉంటే 140 దాటితేనే కెమెరా కొడుతుంది, అబుదాబి హద్దులోకి వచ్చాక ఆ వెసులుబాటు లేదు, బోర్డు మీద ఎంతుంటే అంతే, ఒకే రోడ్డు మీద పోతూ చాలామంది ఇక్కడే దొరుకుతారు. ఎడమ చివరి లేన్ స్పీడు లేన్, వెనకాల పెద్ద బండి లైట్లు కొడితే పంతానికి పోకుండా ఇండికేటర్ వేసి కుడికి జరిగిపోండి. రెడ్ లైట్ దాటితే వెయ్యి దిర్హాములు ఫైన్, దాంతో పాటు కారు 30 రోజులు లోపలేస్తారు. మందు చుక్క తాగి నడిపినా జైలు దాకా పోవచ్చు.

మరీ ముఖ్యం, చిన్న గీత పడినా పోలీస్ రిపోర్ట్ కావాలి. ఆ కాగితం లేకుండా అక్కడ గ్యారేజీ వాళ్ళు కారు ముట్టుకోరు, రెంటల్ వాళ్ళు ఇన్సూరెన్స్ ఇవ్వరు. పార్కింగ్‌లో ఎవడో గీసి పోయినా సరే పోలీసుల్ని పిలిచి రిపోర్ట్ తీసుకున్నాకే కదలండి. పదేళ్ళలోపు పిల్లలు ముందు సీట్లో కూర్చోకూడదు.

అమెరికా

ఇక్కడ నడపడం కష్టం కాదు, ఏదైనా అయితే తట్టుకోవడం కష్టం. ఎదుటివాళ్ళకి దెబ్బ తగిలితే వచ్చే బిల్లు మన ఇల్లు అమ్మినా సరిపోదు, రెంటల్‌తో వచ్చే లయబిలిటీ చాలా రాష్ట్రాల్లో చట్టం చెప్పిన కనీసం మాత్రమే, కొన్ని బుకింగ్‌లలో అది కూడా సరిగ్గా ఉండదు. కాబట్టి కారు డ్యామేజ్ కవర్ కన్నా అదనపు లయబిలిటీ కవర్ ముందు తీసుకోండి. మనవాళ్ళు ఉల్టా చేస్తారు, గీతలకి భయపడి డ్యామేజ్ కవర్ తీసుకుని లయబిలిటీ వదిలేస్తారు.

స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగాలి, నాలుగు వైపులా స్టాప్ ఉంటే ముందు వచ్చి ఆగినవాళ్ళు ముందు పోతారు. రెడ్ లైట్ మీద ఆగి చూసుకుని కుడికి తిరగొచ్చు, కానీ న్యూయార్క్ సిటీలో కుదరదు. స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే, మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్ళు కూడా ఆగాల్సిందే. పోలీసు వెనకాల లైట్లు వేస్తే కుడి పక్కకి ఆపి, కారు దిగకుండా, చేతులు స్టీరింగ్ మీద కనపడేలా పెట్టుకోండి, మన దగ్గరలాగా దిగి వెళ్ళి మాట్లాడదాం అనుకుంటే వాళ్ళు దాన్ని వేరేగా తీసుకుంటారు.

మిగతా యూరప్ గురించి రెండు ముక్కలే. ఊరి నడిబొడ్డుకి కారు తీసుకెళ్ళకండి, ఇటలీ పాత ఊళ్ళలో పర్మిషన్ లేని కార్లు దూరితే కెమెరా ఫైన్ నెలల తర్వాత ఇంటికి వస్తుంది. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చెయ్యండి, లేకపోతే కుడి చేత్తో గేర్ వెయ్యాలి.

థాయిలాండ్, శ్రీలంక

రెండూ మన పక్కే నడుస్తాయి, అందుకే చాలామంది ఈజీ అనుకుంటారు, నేను ఒప్పుకోను. బ్యాంకాక్, పటాయా లోపల గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) సరిపోతుంది, చియాంగ్ మాయ్ వైపు అనుభవం ఉన్నవాళ్ళు కారు నడపొచ్చు, కానీ హైవే మధ్యలో యూటర్న్ తీసుకోవడానికి బళ్ళు కుడి లేన్‌లోనే నెమ్మదిస్తాయి, అది గుర్తుంచుకోండి. కుర్రాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట, ఫుకెట్‌లో స్కూటర్ రెంట్‌కి తీసుకోకండి. పర్మిట్‌లో టూ వీలర్ కేటగిరీ లేకపోతే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఒక్క రూపాయి ఇవ్వదు.

శ్రీలంకలో మన పర్మిట్ ఒక్కటే చాలదు, అక్కడి పర్మిట్ కూడా తీసుకోవాలి. నువర ఎలియ, ఎల్లా రోడ్లు మన పాడేరు ఘాట్‌లాగే ఉంటాయి, పైగా ప్రైవేట్ బస్సులు మలుపులో కూడా ఓవర్‌టేక్ చేస్తాయి, హబరణ వైపు చీకటి పడితే ఏనుగులు రోడ్డెక్కుతాయి. డ్రైవర్‌తో కారు అక్కడ మామూలు పద్ధతే, రోజు లెక్కన మాట్లాడుకుంటారు, అతనికి దారి తెలుసు, బస్సుల మనసూ తెలుసు. నలుగురు కలిసి వెళ్తే నా సలహా కళ్ళు మూసుకుని డ్రైవరే.

మీరు ఎవరు, ఎవరితో వెళ్తున్నారు

లైసెన్స్ ఉంది కానీ రోజూ నడిపేది స్కూటీ, కారు ఎప్పుడో డ్రైవింగ్ స్కూల్‌లో ముట్టుకున్నారు అంటే, ఏ దేశమైనా సరే డ్రైవర్‌తోనే వెళ్ళండి. లేదా ఆరు నెలలు ఇక్కడే నేర్చుకోండి, హైవే మీద శ్రీకాకుళం దాకా పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి, అరకు ఎక్కి దిగి ఒకసారి, వానలో భీమిలి రోడ్డు ఒకసారి. ఇవి నాలుగూ టెన్షన్ లేకుండా చెయ్యగలిగితే మలేషియా బుక్ చేసుకోండి.

అమ్మానాన్నతో వెళ్తే కారు సౌకర్యమే, కానీ వెనక సీట్లో బెల్ట్ పెట్టుకోమంటే మా అమ్మ "చీర నలుగుతుంది" అంటుంది, ఇక్కడే అలవాటు చెయ్యాలి, అక్కడ చాలా చోట్ల వెనక బెల్ట్ లేకపోయినా ఫైన్ పడుతుంది, అంతకన్నా ముఖ్యం ప్రాణం. రోజుకి మూడు నాలుగు గంటలకి మించి డ్రైవింగ్ పెట్టుకోకండి.

చంటిపిల్లలుంటే చైల్డ్ సీట్ బుకింగ్ అప్పుడే అడగండి, కౌంటర్ దగ్గర అడిగితే అయిపోయాయి అంటారు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం వద్దే వద్దు, సడన్ బ్రేక్ పడితే ఎంత గట్టిగా పట్టుకున్నా పిల్ల చేతిలో ఆగదు. సీటు దొరక్కపోతే ఆ రోజు కారు తీసుకోకండి.

ఒక్కరే వెళ్ళేవాళ్ళు కుడి పక్క దేశంలో మొదటిసారి నడపకపోవడమే మంచిది, పక్కన చెప్పే మనిషి ఉండరు.

ఇన్సూరెన్స్‌లో మూడు దార్లు

కారుతో వచ్చే మామూలు డ్యామేజ్ కవర్‌లో ఎక్సెస్ అని ఉంటుంది, అంటే దెబ్బ తగిలితే అంతవరకు మీరే కట్టాలి, అది చాలాసార్లు లక్ష దాటుతుంది, ఆ డబ్బు మీ క్రెడిట్ కార్డు మీద ముందే బ్లాక్ చేస్తారు. డెబిట్ కార్డు చాలా చోట్ల తీసుకోరు. అనుభవం ఉండి రెండు రోజులకే తీసుకునేవాళ్ళకి ఇది చాలు.

రెండోది కౌంటర్ దగ్గర అమ్మే జీరో ఎక్సెస్. ఖరీదు ఎక్కువ, కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ఇదే చెప్తా, గోడకి గీసుకుంటే ఏమవుతుందో అన్న భయం నెత్తిన పెట్టుకుని నడిపితే చూపు రోడ్డు మీద ఉండదు. ఇందులో కూడా టైర్లు, ముందు అద్దం, కారు కింద భాగం ఉన్నాయో లేదో అడగండి, చాలాసార్లు ఉండవు.

మూడోది విడిగా కొనే ఎక్సెస్ కవర్, చవక, కొన్ని ట్రావెల్ పాలసీల్లో కలిపే ఉంటుంది. కానీ ముందు మీరు కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి, ఇండియాలో ఉండేవాళ్ళకి వర్తిస్తుందా అన్నది చదువుకోవాలి. మీ కార్డులో అంత లిమిట్ ఉంటేనే ఈ దారి.

ఏది తీసుకున్నా పేరు రాయించని వాళ్ళు నడిపినా, తాగి నడిపినా, తప్పు ఆయిల్ కొట్టించినా, మట్టి రోడ్డు వద్దన్న చోట దూరినా మామూలుగా ఏ కవరూ రాదు. భార్యాభర్తలిద్దరూ నడుపుదాం అనుకుంటే రెండు పేర్లూ రాయించండి.

బయల్దేరే ముందు

ఇంటర్నేషనల్ పర్మిట్‌కి ఫారం 4ఎ, ఫీజు 1000 రూపాయలు, పరివాహన్ సైట్‌లో అప్లై చేసి మన మాధవధార ఆర్టీఏ ఆఫీసులో చూసుకోవచ్చు, ఏడాది చెల్లుతుంది. పర్మిట్‌తో పాటు అసలు లైసెన్స్ కార్డు కూడా పట్టుకెళ్ళాలి, ఫోన్‌లో డిజీలాకర్ చూపిస్తే అక్కడ నడవదు.

కుడి పక్క దేశానికైతే కచ్చితంగా ఆటోమేటిక్, చిన్న కారు. కారు చేతికి రాగానే చుట్టూ వీడియో తియ్యండి, చక్రాల రిమ్‌లు, బంపర్ కింద, ముందు అద్దం, మీటర్, ఆయిల్ ముల్లు అన్నీ. తర్వాత అదే పార్కింగ్‌లో పావుగంట కూర్చుని లైట్లు, వైపర్లు, అద్దాలు, సీటు అన్నీ చేత్తో వెతుక్కోకుండా దొరికేదాకా ప్రాక్టీస్ చెయ్యండి, ఫోన్‌లో మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకుని దారి పెట్టుకున్నాకే కదలండి. ఆ దేశం ఎమర్జెన్సీ నంబర్ కారులో అందరికీ తెలియాలి, అమెరికాలో 911, మలేషియా, బ్రిటన్, దుబాయ్‌లో 999, న్యూజిలాండ్‌లో 111, యూరప్‌లో 112, థాయిలాండ్ టూరిస్ట్ పోలీస్ 1155.

ఇక మేం టెక్సాస్ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. నేను ఇంజిన్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ, బంకులో అయినా హోటల్‌లో అయినా, మా ఆవిడ "కుడి పక్క" అని పైకి అనాలి, నేను కూడా "కుడి పక్క" అని తిరిగి అనాలి, అన్నాకే గేర్ వేస్తా. నాలుగో రోజు నుంచి నాకు విసుగొచ్చేది, తను మాత్రం ఆఖరి రోజు ఎయిర్‌పోర్ట్‌లో కారు తిరిగి ఇచ్చేదాకా ఒక్కసారి కూడా మానలేదు.